కంప్యూటరు కృపావరంగారి పుస్తకం

సాగరు కుడికాలువ పనులు మొదలైన కొత్తల్లో కాలువ లెక్కల కోసమని నరసరావుపేటలో ఒక చిన్న ఆఫీసు పెట్టారు. ఆ ఆఫీసులో కృపావరానికి ఇచ్చిన ఉద్యోగం పేరు కంప్యూటరు. అంటే లెక్కలు కట్టే మనిషి అని అర్థం. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని అప్పటికి పేటలో ఎవరికీ తెలియదు. ఉద్యోగపు ఆర్డరులో అట్లాగే రాసి ఉంది, జీతాల పట్టీలో అట్లాగే రాసి ఉంది. కృపావరం తన ఇంటి తలుపు మీద కూడా తెల్లరంగుతో 'బి. కృపావరం, బి.ఏ., కంప్యూటరు' అని రాయించుకున్నాడు. వీధిలో వాళ్లు కంప్యూటరుగారి ఇల్లు అనేవారు. పాలుపోసే పాపమ్మ అది వాళ్ల ఇంటిపేరు అనుకుంది.

పని తేలికైంది కాదు. నకరికల్లు నుంచీ, రొంపిచెర్ల నుంచీ సర్వే వాళ్లు కాలువ వెడల్పులూ లోతులూ కొలిచి తెచ్చి బల్ల మీద పడేస్తే, ఎంత మట్టి తవ్వాలో, ఎంత గట్టు పోయాలో కృపావరం తేల్చాలి. బల్ల మీద చేత్తో తిప్పే లెక్కల మిషను ఒకటి ఉండేది. దాని పిడి పట్టుకుని పదేళ్లు తిప్పాడు. పదేళ్లలో అతని లెక్కలో ఒక్క తప్పు కూడా దొరకలేదు. దొరకకపోవడానికి కారణం, ఏ లెక్కనూ మూడుసార్లు సరిచూసుకోందే అతను బల్ల దాటనిచ్చేవాడు కాదు. ఆలస్యమైందని ఇంజనీర్లు విసుక్కునేవారు, కానీ తప్పు చూపించలేక ఊరుకునేవారు.

లెక్కల్లోనే కాక ఇంకో విషయంలో కూడా కృపావరానికి పేరుండేది. ఎవరికి ఏ పుస్తకం కావాలన్నా ముందు అతన్ని అడిగేవారు. పిల్లాడికి గ్రామరు పుస్తకం కావాలన్నా, డిపార్టుమెంటు పరీక్షకు చదవాలన్నా, చర్చిలో పాస్టరుగారికి నిఘంటువు కావాలన్నా కృపావరం మాటే మాట. అతను వెంటనే చెప్పేవాడు కాదు. కేటలాగులు తెప్పించేవాడు, నాలుగు చోట్ల విచారించేవాడు. ఒకసారి హెడ్‌క్లార్కు వెంకటప్పయ్య తన కొడుకు ఎస్సెల్సీకి మంచి ఆల్జీబ్రా పుస్తకం చెప్పమని అడిగాడు. కృపావరం పుస్తకం పేరు తేల్చి చెప్పేసరికి కుర్రవాడు పరీక్ష రాసి పాసై కూర్చున్నాడు. అయినా వెంకటప్పయ్య ఆ పుస్తకం కొన్నాడు. కృపావరం ఎంచిన పుస్తకం ఇంట్లో ఉండటం మంచిదని అతని నమ్మకం.

అరవయ్యారో సంవత్సరం జూన్ నెలలో పైనుంచి ఒక సర్క్యులరు వచ్చింది. వెంకటప్పయ్య దాన్ని రెండుసార్లు చదువుకుని, కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుని, కృపావరం బల్ల దగ్గరికి స్వయంగా నడిచి వచ్చాడు. అతను సీటు వదిలి రావడమే ఒక విశేషం.

"ఏవయ్యా కృపావరం, మద్రాసులో కంప్యూటరు వచ్చిందంట. మనిషి కాదు, మిషను" అన్నాడు.

సర్క్యులరులో ఉన్నది ఇది. ఇకమీదట కాలువ లెక్కల్లో పెద్దవాటిని మద్రాసులో ఉన్న యంత్రానికి పంపవచ్చు. ఆ యంత్రానికి మన భాష రాదు, ఇంగ్లీషు కూడా సరిగ్గా రాదు. ఫోర్ట్రాన్ అనే ఒక భాషలో, గళ్లు కొట్టిన కాగితాల మీద రాసి పోస్టులో పంపితే, అక్కడివాళ్లు దాన్ని అట్టముక్కల మీద చిల్లులు పొడిచి యంత్రానికి పెడతారు. జవాబు అచ్చై తిరుగుటపాలో వస్తుంది. ప్రతి ఆఫీసులో ఒకరు ఆ భాష నేర్చుకోవాలి. అందుకు తగిన రెఫరెన్సు పుస్తకం ఒకటి ఆఫీసు ఖర్చుతో కొనుక్కోవచ్చు. డిసెంబరు ఆఖరుకల్లా మొదటి లెక్క మద్రాసు చేరాలి.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారు ఆ కాగితం మీద 'కంప్యూటరు చూడవలెను' అని రాసి కిందికి పంపారు. ఆయన ఉద్దేశంలో కంప్యూటరంటే కృపావరమే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి భార్య శాంతమ్మకు సంగతి చెప్పాడు. ఆమె మిషనరీల స్కూల్లో టీచరు. అంతా విని, ఆ మిషను మీకు సాయానికొచ్చిందా, మీ ఉద్యోగానికొచ్చిందా అని అడిగింది. అన్నం తిన్నంతసేపూ కృపావరం ఆ ప్రశ్ననే తిరగేసుకున్నాడు. తెల్లారేసరికి మాత్రం కొంచెం తేలికపడ్డాడు. భాష నేర్చుకోవడం తర్వాతి సంగతి. ముందు పుస్తకం ఎంచాలి. పుస్తకం ఎంచడం తనకు తెలుసు.

అంతే, అతను పనిలో దిగాడు. గుంటూరుకు, బెజవాడకు, మద్రాసుకు ఉత్తరాలు రాసి కేటలాగులు తెప్పించాడు. జులై నెలలో సెలవు పెట్టి గుంటూరు వెళ్లి, పాత పరిచయస్తుడైన మక్బూల్ పుస్తకాల షాపులో కూర్చున్నాడు. మక్బూల్ మద్రాసు నుంచి ఆ భాష మీదున్న పుస్తకాలు నాలుగు తెప్పించి ఉంచాడు. ఒకటి పల్చటిది, బొమ్మలున్నది. ఒకటి ప్రశ్నలూ జవాబులూ వేసింది. ఒకటి కాలేజీ పిల్లల కోసం రాసింది. నాలుగోది ఏడు వందల పేజీలది, ఎర్ర కాలికో గుడ్డ అంటించిన అట్టది. ఒక చేత్తో పట్టుకుంటే మణికట్టు లాగుతుంది.

కృపావరం నాలుగింటిలోనూ మొదటి పాఠం చదివాడు. యంత్రం ఎట్లా పుట్టింది, యంత్రం తనంతట తాను ఆలోచించదు, మనం చెప్పిందే చేస్తుంది అని నాలుగింటిలోనూ ఉంది. ఒకరు చెప్పినంత బాగా ఇంకొకరు చెప్పలేదనిపించింది. మళ్లీ మొదటినుంచి చదివాడు. మధ్యాహ్నం మక్బూల్ స్టూలు తీసి కుర్చీ వేయించాడు. సాయంత్రం టీ తెప్పించి, ఉండబట్టలేక, "మొదటి పాఠం అన్నిట్లో ఒకటే సార్. రెండోది చూడండి, తేడా అక్కడ తెలుస్తది" అన్నాడు.

"మొదటి పాఠమే కుదరని పుస్తకానికి రెండోది చూసి ఏం లాభం?" అన్నాడు కృపావరం.

చివరికి నాలుగు పుస్తకాలనూ చూసి తిరిగి పంపే షరతు మీద పేటకు తెచ్చుకున్నాడు. ఆగస్టు, సెప్టెంబరు నెలలు వాటితో గడిచాయి. ఒక పెద్ద డ్రాయింగు కాగితం మీద పదకొండు గళ్లతో పట్టిక వేశాడు. అచ్చు సైజు, కాగితం మందం, వెనక పదాల సూచిక ఉందా లేదా, లెక్కలెన్ని, జవాబులెన్నిటికి, రచయిత ఏం చదివాడు, ఎన్నోసారి అచ్చు, బల్ల మీద తెరిచిపెడితే తెరుచుకునే ఉంటుందా మూసుకుపోతుందా, ఇట్లా సాగింది. ఈ గళ్లు నింపడం కోసం నాలుగు పుస్తకాల మొదటి పాఠాలనూ అతను ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. ఆ సంవత్సరం ఫోర్ట్రాన్ మొదటి పాఠం కృపావరానికి వచ్చినంత క్షుణ్ణంగా జిల్లాలో ఇంకెవరికీ వచ్చి ఉండదు. రెండో పాఠం ఎట్లా మొదలవుతుందో మాత్రం అతనికి తెలియదు.

తెలియకపోవడం గురించి అతను అప్పుడప్పుడూ ఆలోచించేవాడు. పుస్తకం ఖాయమైతే చదవాలి. చదివితే రావాలి. నలభై రెండేళ్ల వయసులో రాకపోతే ఏం చెయ్యాలి? వస్తే మాత్రం, తన చేతి మిషను పిడి తిప్పే పని ఎవరికి కావాలి? ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా పట్టికలో ఇంకో గడి పెరిగేది.

పట్టికను చూసి ఇంజనీరుగారు చాలా సంతోషించారు. ఇంత శ్రద్ధగా పని చేసే వాళ్లు డిపార్టుమెంటులో కరువయ్యారని అన్నారు. కాలేజీ పిల్లల పుస్తకం మేలని కృపావరం పట్టిక కింద రాశాడు. అది వెంకటప్పయ్య దగ్గర ఆగిపోయింది.

వెంకటప్పయ్యకు రూల్సు కంఠతా వచ్చు. కాలేజీ పిల్లల పుస్తకం పాఠ్యపుస్తకం కిందికి వస్తుందనీ, పాఠ్యపుస్తకాలు ఉద్యోగి సొంత డబ్బుతో కొనుక్కోవాలనీ, ఆఫీసు కొనగలిగింది రెఫరెన్సు పుస్తకం మాత్రమేననీ చెప్పాడు. ఆ రెంటికీ తేడా ఏమిటని కృపావరం అడిగాడు.

"చదివి నేర్చుకునేది పాఠ్యపుస్తకం. బీరువాలో పెట్టుకుని అవసరమైనప్పుడు చూసేది రెఫరెన్సు. నువ్వు నేర్చుకోటానికి కొన్నావని ఆడిట్‌లో తేలిందంటే నీ జీతంలో పట్టుకుంటారు" అన్నాడు వెంకటప్పయ్య.

నేర్చుకోవడం కోసం కొనే పుస్తకం నేర్చుకోవడానికి పనికొచ్చేదిగా ఉండకూడదన్నమాట. ఆ లెక్కన మిగిలింది ఎర్ర అట్ట పుస్తకమే. ఏడు వందల పేజీలున్నదాన్ని చదివి నేర్చుకుంటున్నారని ఏ ఆడిటరూ అనుకోడు. అది తీసుకుంటే అభ్యంతరం లేదని వెంకటప్పయ్య రాశాడు. ఇంజనీరుగారు సంతకం పెట్టారు. మూడు పుస్తకాలను ఎట్లాగూ తిప్పి పంపాలి. నాలుగోదాన్ని కూడా తిప్పి పంపారు, ఎందుకంటే చూడ్డానికి తెచ్చిన పుస్తకాన్ని కొన్నట్టు రాయడానికి వీల్లేదు, కొత్తది ఆర్డరు పెట్టాలి. ఆర్డరు అక్టోబరులో వెళ్లింది. ఆ పుస్తకం విదేశాల నుంచి ఓడ మీద రావాలనీ, నాలుగైదు నెలలు పడుతుందనీ మద్రాసు నుంచి జవాబు వచ్చింది.

కృపావరానికి గుండెల మీద నుంచి బరువు దిగినట్టైంది.

ఇదంతా జరుగుతుండగా ఆఫీసులో ఇంకో మూల ఇంకొకటి జరిగింది. సర్క్యులరుతోపాటు మద్రాసు వాళ్లు ఇరవై ఎనిమిది పేజీల కాగితాల కట్ట ఒకటి పంపారు. సైక్లోస్టైలు తీసి, పక్కన రెండు పిన్నులు కొట్టి, పైన పేరు కూడా లేకుండా ఉంది. యంత్రానికి ఎట్లా రాసి పంపాలో అందులో చిన్న చిన్న పాఠాలుగా ఉంది. కృపావరం దాన్ని ఒకసారి చేత్తో తూచి చూసి పక్కన పెట్టేశాడు. దానికి అట్ట లేదు, రచయిత లేడు, వెనక సూచిక లేదు. అట్లాంటిదాన్ని పట్టికలో ఏ గడిలో పెట్టాలో అతనికి తోచలేదు.

వెంకటప్పయ్య మాత్రం దాన్ని వదలలేదు. పైనుంచి వచ్చిన ప్రతి కాగితానికీ మూడు నకళ్లుండాలి. టైపిస్టు ఆ వింత గుర్తులు కొట్టడం తన వల్ల కాదన్నాడు. అందుకని నకలు రాసే పని ఫిలోమినా మీద పడింది.

ఫిలోమినా ఆ ఏడే చేరిన టెంపరరీ జూనియర్ కంప్యూటరు. రొంపిచెర్లలో టీచరు జోసెఫ్‌గారి కూతురు. గుంటూరు కాన్వెంటు సిస్టర్ల దగ్గర హాస్టల్లో ఉండి బీయస్సీ చదివింది. కృపావరం కట్టిన లెక్కల్ని రెండోసారి సరిచూడడం ఆమె పని. వాటిలో తప్పులుండవు కాబట్టి ఆమెకు పెద్ద పనేమీ ఉండేది కాదు. మొదటి నకలు గుడ్డిగా రాసింది. రెండో నకలు రాసేటప్పుడు ఈ గుర్తు ఇక్కడే ఎందుకొచ్చిందా అని చూసింది. మూడో నకలు రాసేటప్పుడు అసలు కాగితాల్లోనే ఒకచోట కామా పడిపోయిందని పట్టుకుంది.

డిసెంబరు వచ్చింది. మొదటి లెక్క ఏమైందని ఇంజనీరుగారు కృపావరాన్ని పిలిచి అడిగారు. పుస్తకం ఇంకా ఓడ మీదే ఉందని కృపావరం చెప్పాడు. ఇంజనీరుగారు తల పట్టుకున్నారు. అప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్న ఫిలోమినా, తనకు తోచినట్టు ఒకటి రాశానని, సార్ చూస్తే పంపవచ్చని మెల్లిగా చెప్పింది. గళ్ల కాగితాలు నాలుగు తెచ్చి ఇచ్చింది. నకరికల్లు దగ్గర కాలువలో నలభై చోట్ల కొలిచిన వెడల్పులూ లోతులూ తీసుకుని, ఒక్కొక్క చోట ఎంత మట్టి తవ్వాలో వరసగా కట్టే లెక్క అది. కృపావరం చూసి సంతకం పెట్టాలని, సరిగ్గా ఉంటే పంపాలని ఇంజనీరుగారు చెప్పారు.

కృపావరం ఆ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. అందులో సగం అతనికి అర్థం కాలేదు. ఆ మాట ఇరవై నాలుగేళ్ల అమ్మాయితో చెప్పడానికి నోరు రాలేదు. అర్థమైన చోట మాత్రం లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. చివరికి వచ్చేసరికి పద్నాలుగో వరుస దగ్గర అతని చూపు ఆగిపోయింది. అక్కడ ఫిలోమినా 'ఎన్ ఈజ్ ఈక్వల్ టు ఎన్ ప్లస్ వన్' అని రాసింది.

కృపావరానికి నవ్వొచ్చింది. ధైర్యం కూడా వచ్చింది. ఏ అంకెకైనా ఒకటి కలిపితే మళ్లీ ఆ అంకే ఎట్లా అవుతుంది? ఐదూ ఒకటీ ఐదెట్లా అవుతుంది? తొందరలో అక్షరం తప్పు రాసి ఉంటుందనుకున్నాడు. ఎర్రసిరా తీసి మొదటి 'ఎన్' కొట్టేసి 'ఎమ్' చేశాడు. ఇప్పుడు లెక్క న్యాయంగా ఉంది. ఆమెను పిలిచి చెబుదామనుకున్నాడు. చిన్నపిల్ల, తప్పు చేశానని బాధపడుతుందేమోనని ఊరుకున్నాడు. పోస్టులో పంపాల్సిన మంచి ప్రతి తానే తన గుండ్రటి రాతతో రాసి, కింద 'సరిచూడబడినది' అని సంతకం చేసి, రిజిస్టరు పోస్టులో మద్రాసుకు పంపాడు. ఎర్రసిరా కాగితాలు ఫైల్లోకి పోయాయి.

జనవరి నెల మధ్యలో జవాబు వచ్చింది. పోస్టుమాను దాన్ని భుజం మీద మోసుకొచ్చాడు. అది కవరు కాదు, గోనెపట్టాలో చుట్టిన కట్ట. విప్పితే, ఒకదానికొకటి అంటుకుని మడతలు మడతలుగా ఉన్న కాగితం. లాగినకొద్దీ వస్తూనే ఉంది. ఇద్దరు ప్యూన్లు దాన్ని వరండాలో పరిచారు. వరండా చాలక మెట్లు దిగి, ఆవరణలోకి వెళ్లింది. దాని నిండా అంకెలు.

ఆ రోజు పైనుంచి సూపరింటెండింగ్ ఇంజనీరుగారు తనిఖీకి వచ్చి ఉన్నారు. ఆయన జీపు దిగి, కాగితం పక్కనే నడుచుకుంటూ వరండాలోకి వచ్చారు. ఇదంతా మన ఆఫీసు లెక్కేనా అని అడిగారు. అవునని ఇంజనీరుగారు చెప్పారు. మిగతా ఆఫీసులకు ఒకటి రెండు కాగితాలకు మించి రాలేదని, పేట ఆఫీసు ఎక్కడికో పోయిందని పెద్దాయన మెచ్చుకున్నారు. ఆయన వంగి రెండుమూడు చోట్ల చూశారు. అన్ని వరుసల్లోనూ ఒకటే అంకె ఉందేమిటని అడిగారు.

"అన్నిసార్లు కట్టినా ఒకటే జవాబు వచ్చింది సార్. మిషను అంత ఖచ్చితంగా చేసింది" అన్నారు ఇంజనీరుగారు.

పెద్దాయనకు ఆ జవాబు నచ్చింది. తనిఖీ రిపోర్టులో రాసుకున్నారు.

కట్టతోపాటు వచ్చిన ఉత్తరాన్ని ఎవరూ చూడలేదు. అది గోనెపట్టా మడతలో ఉండిపోయింది. సాయంత్రం అందరూ వెళ్లాక కృపావరానికి దొరికింది. మీ లెక్కలో ఎన్ ఎప్పటికీ పెరగడం లేదు, అందుకని యంత్రం మొదటి చోటునే పట్టుకుని రెండు వేల మూడు వందల సార్లు కట్టింది, మేము చూసి ఆపకపోతే ఇంకా కడుతూనే ఉండేది, దయచేసి పద్నాలుగో వరుస సరిచూసుకోండి అని మర్యాదగా రాసి ఉంది.

కృపావరం కుర్చీలో కూలబడ్డాడు. పద్నాలుగో వరుస మీద కలం పెట్టింది లోకంలో ఇద్దరే. తలెత్తి చూస్తే ఆ రెండో మనిషి ఎదురుగా ఉంది. ఫిలోమినా చేతిలో ఎర్రసిరా కాగితాలున్నాయి. పొద్దున వరండాలో అన్నీ ఒకటే అంకె చూడగానే ఫైల్లోంచి తీసి చూసుకున్నట్టుంది.

"నేనే మార్చానమ్మా" అన్నాడు కృపావరం. "ఎన్నుకు ఒకటి కలిపితే ఎన్ కాదు గదా అని."

"లెక్కల్లో కాదండీ. ఇక్కడ ఎన్ అంటే అంకె కాదు, అంకె పెట్టుకునే అర. అందులో ఉన్నదానికి ఒకటి కలిపి మళ్లీ ఆ అరలోనే పెట్టమంటున్నాం" అంది ఫిలోమినా. అతనికి ఇంకా అర్థం కాలేదని చూసి, బల్ల మీదున్న చేతి మిషను దగ్గరికి వెళ్లి పిడి ఒకసారి తిప్పింది. పైన చిన్న కిటికీలో ఒకటి పడింది. ఇంకోసారి తిప్పింది, అక్కడే రెండు పడింది. "ఇదేనండీ. మీరు రోజూ చేసేదేగా."

కృపావరం ఆ కిటికీ వంక చాలాసేపు చూశాడు. పదేళ్ల నుంచి, ఎన్ని లక్షలసార్లో, ఆ వరుసను అతను చేత్తో తిప్పుతూనే ఉన్నాడు. కాగితం మీద కనపడితే తప్పని కొట్టేశాడు. సిగ్గేసింది. విచిత్రంగా, సిగ్గు వెనకే కొంచెం తేలిక కూడా వచ్చింది. నా పేరు చెప్పకుండా ఉన్నావేమ్మా పొద్దున అని అడిగాడు. అంతమంది ముందు ఎట్టా చెప్తానండీ అంది ఫిలోమినా.

మర్నాడు అతను ఇంజనీరుగారి గదిలోకి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. వరండాలో పరిచింది లెక్క కాదనీ, తన తప్పనీ, ఫిలోమినా మొదట రాసిందే సరైందనీ చెప్పాడు. ఇంజనీరుగారు లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"పెద్దాయన రిపోర్టులో రాసుకుపోయాడయ్యా. ఇప్పుడు అది తప్పంటే తప్పు ఎవరిదవుతుంది? నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. సరైన కాగితం మళ్లీ పంపించు, అంతే" అన్నారు.

ఫిలోమినా రాసినదాన్ని ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ పంపారు. ఈసారి మామూలు కవరులో ఒకే ఒక్క కాగితం వచ్చింది. నలభై వరుసలు, నలభై జవాబులు. కృపావరం మూడు రోజులు కూర్చుని చేతి మిషనుతో కట్టి చూస్తే నలభైకి నలభై సరిపోయాయి. దాన్ని ఇంజనీరుగారి బల్ల మీద పెట్టారు. ఆయన తిప్పి వెనక కూడా చూసి, ఇంతేనా అని అడిగారు. వెంకటప్పయ్య దాన్ని ఫైలు చేశాడు. పెద్దకట్టకు మాత్రం బీరువాలో ఒక అర ఖాళీ చేయించాడు. మార్చిలో ఎర్ర అట్ట పుస్తకం వచ్చాక దాన్ని కూడా ఆ కట్ట పక్కనే పెట్టి తాళం వేశాడు. కావలసినవాళ్లు అర్జీ రాసి సంతకం చేసి అక్కడే నిలబడి చూసుకోవచ్చు.

ఏప్రిల్‌లో మద్రాసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. ఆరు వారాల ట్రైనింగు, ఆఫీసుకు ఒకరు. పెద్దాయన తనిఖీ రిపోర్టును బట్టి కృపావరం పేరు పైనుంచే ఖాయమై వచ్చింది. ఆఫీసులో అందరూ అభినందించారు. శాంతమ్మ ట్రంకుపెట్టె దులిపింది.

కృపావరం రెండు రోజులు ఆలోచించి, తన బదులు ఫిలోమినాను పంపాలని, ఎందుకు పంపాలో అన్ని కారణాలతో రెండు పేజీల అర్జీ రాశాడు. పద్నాలుగో వరుస సంగతి కూడా రాశాడు. వెంకటప్పయ్య అది చదివి, ముందూ వెనకా చూసి, మడిచి తిరిగి అతని జేబులోనే పెట్టాడు.

"ఇది ఫైలు మీద పెట్టబాక. నువ్వు తప్పు చేశావని రాస్తే విచారణ వస్తది. ఆ అమ్మాయికి నీకంటే బాగా వచ్చని రాస్తే సీనియారిటీ గొడవొస్తది. కళ్లు సరిగ్గా ఆనటల్లేదని రాయి. దానికి ఎవురూ ఏమీ అనరు" అన్నాడు.

కృపావరం కళ్లు నిక్షేపంగా ఉన్నాయి. అయినా ఆ ఒక్క వాక్యం రాసి ఇచ్చాడు. రెండు పేజీల నిజం కదిలించలేనిదాన్ని ఆ ఒక్క అబద్ధం సాయంత్రంలోగా కదిలించింది. ఫిలోమినా పేరు మీద ఆర్డరు వచ్చింది. కాకపోతే కళ్ల సంగతి సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. ప్రభుత్వం వాళ్లు ఊరుకోకుండా అతన్ని గుంటూరు పెద్దాసుపత్రికి పంపి పరీక్ష చేయించారు. అక్కడి డాక్టరు, నలభై దాటింది కదా అని, అద్దాలు రాసిచ్చాడు. పెట్టుకుని చూస్తే అక్షరాలు మునుపటికంటే కొంచెం పెద్దగా కనపడ్డాయి.

ఫిలోమినా బయలుదేరే రోజున జోసెఫ్‌గారు రొంపిచెర్ల నుంచి బస్సులో వచ్చి, కూతుర్ని రైలెక్కించడానికి స్టేషనులో నిలబడ్డారు. కృపావరాన్ని చూసి రెండు చేతులూ పట్టుకుని, మీ కళ్లకు ఇట్టా కావటం మా పిల్లకు మేలైంది, దేవుడు మీకు త్వరలో నయం చెయ్యాలి అన్నారు. ఫిలోమినా తల పక్కకు తిప్పుకుని నవ్వాపుకుంది. రైలు కదిలే ముందు ఆమె ఆ ఇరవై ఎనిమిది పేజీల కట్టకు తన చేత్తో రాసుకున్న నకలు ఒకటి కృపావరానికి ఇచ్చింది. రెండో పాఠం నుంచి మొదలుపెట్టమని చెప్పింది.

ఆరు వారాలకని వెళ్లిన ఫిలోమినా మళ్లీ పేట ఆఫీసుకు రాలేదు. ట్రైనింగులో అందరికంటే ముందు నిలిచిందని హైదరాబాదులో కొత్తగా పెట్టిన విభాగానికి వేశారు. టెంపరరీ అన్న మాట కూడా తీసేశారు.

ఆ ఏడు కాలువకు నీళ్లొదిలారు. ఆఫీసులో పని పల్చబడింది. కృపావరం మధ్యాహ్నాలు కొత్త అద్దాలు పెట్టుకుని ఆ నకలు ముందేసుకుని కూర్చునేవాడు. రెండో పాఠానికి నెల పట్టింది. మూడోదానికి ఇంకా ఎక్కువే పట్టింది. క్రిస్మస్ పండక్కి ముందు ఒకరోజు, కాలువలో ఒకే ఒక్క చోట మట్టి ఎంతో తేల్చే చిన్న లెక్క రాసి, ఎవరికీ చెప్పకుండా, తన ఖర్చుతో స్టాంపులు అంటించి మద్రాసుకు పంపాడు. పద్నాలుగు తప్పులున్నాయని, ఒక్కొక్కటీ నంబరు వేసి యంత్రం అచ్చుకొట్టి పంపింది. కృపావరం దాన్ని ఇంటికి తెచ్చి శాంతమ్మకు చూపించాడు. ఉద్యోగంలో చేరాక అతని పేరు మీద అచ్చైన మొదటి తప్పులు అవి. ఆమె చదివి, ఇన్ని తప్పులకు మీరింత సంతోషపడటమేందని అడిగింది. ఏమోనే, ఎవరూ దాచిపెట్టమనలేదు అన్నాడు.

రెండోసారి మూడు తప్పులొచ్చాయి. మూడోసారి జవాబు వచ్చింది. చేతి మిషనులో పావుగంటలో తేలే ఆ జవాబు, పోస్టులో పోయి రావడానికి రెండున్నర నెలలు పట్టింది. ఆఫీసులో ఎవరూ ఆ లెక్క అడగలేదు కాబట్టి ఎవరికీ ఇవ్వలేదు. నకలు ఒకటి తీసి హైదరాబాదులో ఫిలోమినాకు పంపాడు.

పది రోజులకు ఆమె దగ్గర్నుంచి కార్డు వచ్చింది. లెక్క బాగుందనీ, శాంతమ్మగారిని అడిగానని చెప్పమనీ, ఆరో వరుస మాత్రం అవసరం లేదనీ, అది తీసేసినా నడుస్తుందనీ రాసింది. కృపావరం ఆరో వరుస ముందు కూర్చుని మధ్యాహ్నమంతా ఆలోచించాడు. నిజంగానే అవసరం లేదు. దాన్ని కొట్టేసి, మంచి ప్రతి మళ్లీ రాసి, సాయంత్రం పోస్టాఫీసు మూసేలోపు వెళ్లి మద్రాసుకు పంపి వచ్చాడు.